నా సైకిల్ మీదే పరీక్ష

మొన్న జగదల్‌పూర్‌లో మా కోడలు ఇంట్లో తొక్కుకోవడానికి కొనుక్కున్న వ్యాయామపు సైకిల్ ఎక్కాను. ముందు అది వయసు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు తొక్కానో లేదో, గుండె వేగం హద్దు దాటిందంటూ తెర ఎర్రబడి, నన్నొక మాటైనా అడక్కుండా పెడళ్ల బిగువు వదిలేసింది. నాకు ఆయాసమూ లేదు, మోకాలి నొప్పీ లేదు, ఒళ్లు మండిపోయింది మాత్రం నిజం. నన్ను దించాలని చూసిన మిషన్లలో ఇది మొదటిదేమీ కాదు.

నా చిన్నప్పుడు, గీదం దాటి పోతే వచ్చే గనుల ఊళ్లో మా నాన్న ఫిట్టరు, భద్రాచలం వైపు నుంచి పనికొచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. అక్కడి వానలు ఆ ఊళ్లో పెరిగిన మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఇనుపరాయి కలిసిన ఎర్రబురదలో సైకిల్ చక్రం నిలిచేది కాదు, ఉతికిన బట్టకు కూడా తుప్పు రంగు పట్టేది. సైకిల్ పందేల పిచ్చి పట్టిన నా కోసం నాన్న ఇనుప ముక్కలు అతికించి ఒక స్టాండు చేసి, నా సైకిల్ వెనక చక్రాన్ని నేలకు తగలకుండా లేపి, దాని చుట్టూ బెల్టు వేసి బరువులు వేలాడదీశారు. వరండాలో ఉన్నచోటనే ఉండి చెమటలు కక్కుతూ తొక్కే నన్ను చూసి, ఏ ఊరు దాకా వచ్చావే అని పక్క క్వార్టర్ల అమ్మలక్కలు నవ్వేవారు. ఆ చప్పుడుకు కూరలో ఉప్పు వేశానో లేదో మరిచిపోతున్నానని అమ్మ విసుక్కునేది.

ఒక ఏడు భోపాల్ సైకిల్ పోటీలకు మా ఊరి నుంచి పంపేముందు అందరికీ దమ్ము పరీక్ష అన్నారు. అందుకోసమే వచ్చిన డాక్టరుగారు, హిందీ ఆయన, కదలని సైకిల్ ఒకటి వెంట తెచ్చి మా గనుల క్లబ్బు గదిలో పెట్టించారు. మనం తొక్కుతుంటే కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ, మణికట్టు పట్టుకుని నాడి చూసేవారు. బరువు పెరిగినా నాడి నిలకడగా ఉంటే దమ్మున్నట్టు. మా మేనబావ గట్టెక్కాడు, నేను తప్పాను. పేరిచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, నేను ఆగిపోతే ఆ ఏడు మా ఊరి నుంచి ఏ ఆడపిల్లా పోదు. ఇంతకూ ఆ సైకిల్ సీటు తుప్పుపట్టి మగవాళ్ల ఎత్తులో బిగుసుకుపోయింది, నాకు పెడళ్లు మునివేళ్లకే అందాయి. ఆ మాటే చెబితే, మిషను అబద్ధం చెప్పదన్నారాయన.

"చెప్పదు సార్. కానీ అది మా బావ కాళ్లకు బిగించి ఉంది. ఇదే పరీక్ష నా సైకిల్ మీద పెట్టండి" అన్నాను, నాకొచ్చిన హిందీలో. పక్కనే ఉన్న నాన్న నా వంక కళ్లెర్రజేసి చూశారు, నేను తల దించలేదు.

ఏమనుకున్నారో ఏమో, సాయంత్రం గొడుగేసుకుని ఆ వానలో ఆయన మా క్వార్టరుకే వచ్చారు. తను తెచ్చిన బరువులే మా బెల్టుకు వేలాడదీసి నాడి చూశారు, చివరి బరువు దాకా తొక్కాను. అయినా తల అడ్డంగా ఊపి, చక్రం వేరు, బెల్టు వేరు, దానికీ దీనికీ పోలిక కుదరదన్నారు. అయితే బావను కూడా ఎక్కించండి అన్నాను. బావ మహా ధీమాగా ఎక్కాడు. నా ఎత్తుకు దించిన సీటు మీద ఆ పొడుగు కాళ్లు మడతలు పడి, మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకుని, సగం బరువులకే రొప్పుతూ దిగిపోయాడు.

అది చూసి నాన్న, "అయితే మా అల్లుడు గూడ పనికిరాడా ఏంది సార్?" అన్నారు.

డాక్టరుగారు పకపకా నవ్వారు. మర్నాడు నాన్న చేత కిరసనాయిలు పోయించి, సుత్తితో కొట్టించి, క్లబ్బులో పెట్టిన తన సైకిల్ సీటు దింపించి మళ్లీ పరీక్ష పెట్టారు. భోపాల్‌లో గెలిచానా అంటే గెలవలేదు, వెళ్లాను, అంతే, ఇవాళ్టికీ నాకది చిన్న సంగతి కాదు.

నిన్న కోడలు ఇంట్లో లేనప్పుడు మళ్లీ ఆ సైకిల్ ఎక్కాను. వయసు అడిగిన చోట ముప్ఫై అని కొట్టాను. నోరెత్తకుండా తొక్కనిచ్చింది, నేను అనుకున్నంతా తొక్కే దిగాను. దిగాక మాత్రం మనసు చివుక్కుమంది. ఆ రోజుల్లో నిజం చెప్పి దెబ్బలాడితే, ఒప్పుకోని మనిషి కూడా గొడుగేసుకుని మన గుమ్మం దాకా వచ్చేవాడు.