మా అత్త షెడ్డులో సగం

మా చిన్నత్త పోయిందని ఆదివారం పొద్దున ఆమె ఊరు దిబ్బూరహళ్ళి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆమె కొడుకు, మా బావ. "అమ్మ పోయిందప్పా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే" అన్నాడు. వెంటనే కారు తీశాను. దేవనహళ్ళి దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత, చెప్పడానికి సిగ్గుగానే ఉంది, ఇంకో గుబులు కూడా మొదలైంది. ఇక నా విమానం గతేమిటి?

విమానం అనగానే మీరు నన్ను పెద్ద శ్రీమంతుణ్ణి అనుకోకండి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, చిన్నప్పటి పిచ్చి వదలక, సెకండ్ హ్యాండ్‌లో ఇద్దరు మాత్రమే పట్టే చిన్న విమానం కొన్నవాణ్ణి. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద గుడ్డ తొడిగిన రెక్కలు, ఒక ఇంజను. కొనడం ఎలాగో కొన్నాను గానీ, దాన్ని నీడపట్టున ఉంచడం తలకు మించిన పని అయింది. ఎండలో పెడితే గుడ్డ చివికిపోతుంది. వానలో పెడితే ఇంజనుకు తుప్పు. నేను ఎగిరే చిన్న మైదానంలో షెడ్డు బాడుగ పెరిగి పెరిగి మా ఇంటి అద్దెను దాటింది. కొన్నాళ్ళకు ఆ షెడ్డు కూడా ఖాళీ చెయ్యమన్నారు. తెలిసినవాళ్ళనల్లా అడిగాను. కారు లాంటిదే కదా అని సరే అనేవారు, రెక్కల పొడవు చెప్పగానే ఫోన్ పెట్టేసేవారు.

చివరికి అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమెకు పట్టుపురుగులు పెంచే పొడవాటి రేకుల షెడ్డు ఉంది. రెక్కలు విప్పి తెస్తాను, రెండు నెలలు పెట్టుకోనీ అన్నాను.

"ఇమానమా! పెట్రోలు వాసనొస్తే పురుగు మేత ముట్టదు. నా పంట పోతే నువ్వు మోడం మిందనుంచి, ఆ మబ్బుల్లోనుంచి తెచ్చిస్తావా?" అని చాలాసేపు చెడామడా తిట్టింది. ట్యాంకులో చుక్క లేకుండా తెస్తానని ఒట్టు పెట్టించుకుంది. మర్నాడు షెడ్డు మధ్యలో టార్పాలిన్ పరదా కట్టించి సగం నాకిచ్చింది. వేరే చోటు దొరక్క రెండు నెలలు కాస్తా మూడేళ్ళయ్యాయి. ఆ మూడేళ్ళూ ఆమె తీసింది సగం పంటే.

బాడుగ ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసేసింది. "బాడుగ తీసుకుంటే ఎలక కొరికినా నేనే జవాబు చెప్పల్ల. ఊరికే పెట్టుకుంటే నీ కర్మ. నాకేం దిగులు?" అంది.

దిగులు లేకపోవడమా! అత్త దిగులు పడని సంగతి ఈ భూమ్మీద ఏదైనా ఉంటే కదా. బస్సు ఆలస్యమైనా దిగులే, ముందొచ్చినా దిగులే. చీమలు ఎక్కకుండా పురుగుల స్టాండ్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టడం మావైపు అందరూ చేసే పనే. ఆమె నా రెక్కలు పడుకోబెట్టిన స్టాండుకూ పెట్టింది. విమానం చక్రాల చుట్టూ సున్నంతో గీతలు గీసింది.

"అత్తా, చీమలు విమానాన్ని తినవు" అన్నాను.

"నీకు చెప్పి తింటాయా?" అంది.

ఇంజను చూడటానికి నా స్నేహితుడు వస్తే, కాళ్ళూ చేతులూ కడుక్కుంటే గానీ లోపలికి రానివ్వలేదు. ప్రతి పంటకు ముందు షెడ్డంతా బ్లీచింగ్ పౌడరుతో కడిగేది. అది అల్యూమినియాన్ని పాడుచేస్తుందని నేనన్నాక, కడిగిన ప్రతిసారీ గొట్టాలన్నీ పొడిగుడ్డతో తుడిచేది, నన్ను తిట్టుకుంటూ.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా ఫోన్ చేసింది. అప్పటికి పురుగులు నాలుగో జ్వరం దాటాయి. చర్మం విడిచే ముందు అవి మేత మానేసి పడుకోవడాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగోది దాటితే పంట చేతికొచ్చినట్టే.

"రేయ్, రాళ్ళవాన పడతాండాది. పైన రేకు లేసిపోయింది. పరదా కట్టిన టార్పాలు ఒకటే ఉండాది. పురుగుల మింద కప్పల్లనా, నీ రెక్కల మింద కప్పల్లనా? తొందరగా చెప్పు!"

రేకుల మీద వడగళ్ళ మోత నాకు ఫోన్లోనే వినపడుతోంది. "పురుగుల మీదే అత్తా" అన్నాను చివరికి. ఆ మాట రావడానికి పట్టిన ఆలస్యం ఆమెకు తెలిసే ఉంటుంది. లైను కట్ అయింది. మళ్ళీ కలవలేదు. ఆఫీసు నుంచి అటే బయల్దేరి, ఆమెకు ఏమైందో, రెక్కలు ఏమయ్యాయో అని దారి పొడుగునా ఫోన్ కొడుతూనే ఉన్నాను.

వెళ్ళేసరికి అత్త తడిసిన చీరతోనే గడప మీద కూర్చుని ఉంది. పురుగుల మీద టార్పాలిన్ ఉంది. రెక్కల మీద ఇంట్లో ఉన్న కంబళ్ళూ, బొంతలూ, చివరికి ఆమె పడుకునే పరుపూ ఉన్నాయి. అన్నీ నీళ్ళోడుతున్నాయి.

"కంబళ్ళు పురుగుల మింద ఏస్తే నలిగిపోతాయి. నీ రెక్కలు మనిషినే మోస్తాయంటివే, పరుపును మొయ్యవా?" అంది.

ఒక్కచోట గుడ్డ చిరిగింది. మరుసటి వారం నేను వెళ్ళేలోపు దాన్ని బొంత కుట్టే ఎర్రదారంతో కుట్టేసింది. అలా కుట్టిన రెక్కతో ఎగరకూడదు, గుడ్డంతా మార్చాలి. ఆ ముక్క ఆమెతో చెప్పలేకపోయాను. బాగా కుట్టావత్తా అన్నాను. "ఇంగ దిగుల్లేదు, ఎగురు" అని, వెంటనే "శానా పైకి మటుకు పోవద్దు" అంది. ఆ గుడ్డ మార్చడానికి నాకు ఇప్పటికీ చేతులు రాలేదు. నా సరదాకి నీడ ఇచ్చి ఆమె సగం పంటా, ఉన్న కాస్త మనశ్శాంతీ పోగొట్టుకుంది. అంత ఖరీదు నా కోసం ఇంకెవరూ పెట్టలేదు.

పెద్దకర్మ అయ్యాక బావ నన్ను పక్కకు పిలిచాడు. "తప్పుగా అనుకోవద్దప్పా. ఈసారి షెడ్డు పూర్తిగా పురుగులకే పెడతాండాము. పిల్లోళ్ళ చదువులు ఉండాయి" అన్నాడు. నువ్వడిగింది న్యాయమే బావా అన్నాను. నిజంగా న్యాయమే.

చింతామణిలో టమాటా మండీ దగ్గర ఒక గోడౌన్ దొరికింది. నిన్న సాయంత్రం విమానాన్ని అక్కడికి చేర్చాను. ఓనరు అడ్వాన్సు తీసుకుని రశీదు ఇచ్చాడు. మర్యాదస్తుడే. పైన రేకులు గట్టివేనా అని అడిగాను.

"ఏం కాదు సార్, మీరు పోండి" అంటూ షట్టరు దించి తాళం వేశాడు. అప్పటికే మబ్బు కమ్మి, మండీలో వాళ్ళు క్రేట్ల మీద టార్పాలిన్లు కప్పుకుంటున్నారు. అతను తల ఎత్తి చూడనైనా చూడలేదు. స్కూటరు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. అత్త లేదన్న సంగతి నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. చినుకులు మొదలయ్యాయి. షట్టరు మీద చెయ్యి ఆనించి, లోపల రేకుల చప్పుడు వింటూ, కారు దాకా కూడా పోలేక అక్కడే నిలబడిపోయాను.