నడి వంతెన దాటితే కిటికీ సీటు ఆవిడది

మాది కొవ్వూరు. మా ఆవిడ పుట్టిల్లు ఎదురొడ్డున రాజమండ్రి. మధ్యలో గోదావరి. అందరికీ అది నది, మాకు మాత్రం అంతర్జాతీయ సరిహద్దు. ఇవతల పశ్చిమగోదావరి అనే మహాదేశానికి నేను రాయబారిని. అవతల తూర్పుగోదావరి సామ్రాజ్యానికి ఆవిడ సర్వసైన్యాధ్యక్షురాలు. మా పెళ్ళిలో పంతులుగారు మంత్రాల కన్నా ఒప్పంద షరతులే ఎక్కువ చదివారని నా అనుమానం.

ఆ షరతుల్లో చివరిదాకా అమలైంది ఒక్కటే. రాజమండ్రి బస్సెక్కితే నడి వంతెన దాకా కిటికీ సీటు నాది, ఆ తర్వాత ఆవిడది. నడి వంతెన ఎక్కడన్నది ఏ సర్వేయరూ తేల్చలేదు, ఆవిడే తేల్చేది. మోచేత్తో పొడిచి, "లేవండి, మా దేశం వచ్చింది" అనేది. నడుస్తున్న బస్సులో ఇద్దరం లేచి, టిఫిన్ క్యారియర్‌తో సహా ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ సీట్లు మారేవాళ్ళం. ఆ ఊపుకి బస్సు ఒరిగి గోదాట్లో పడబోయేదంటే మీరు నమ్మరు. నమ్మక్కర్లేదు కూడా.

"ఏంటండీ ఈ సర్కస్సు? పడితే ఎవరిది పూచీ?" అని కండక్టరు అరిచేవాడు.

"ఏ సగంలో పడితే ఆ జిల్లాది బాబూ" అనేది ఆవిడ.

తిరుగు ప్రయాణంలో నా వంతు వచ్చేసరికి మాత్రం సామ్రాజ్ఞికి గాఢనిద్ర పట్టేది.

రాష్ట్రం రెండుగా విడిపోతున్న రోజుల్లో ఒక సాయంత్రం టీవీ చూస్తూ అడిగింది. "మనమూ విడిపోతే గోదారి ఎవరికొస్తుందండీ?"

"నీళ్ళు నీకు, ఇసుక నాకు."

"అబ్బో! ఇసుకకే రేటెక్కువ. పశ్చిమ వాళ్ళ తెలివే తెలివి" అని జంతికల పళ్ళెం తన వైపు లాక్కుంది.

ఆవిడ పోయిన మరుసటి ఏడాది జిల్లాలు మళ్ళీ గీశారు. గోదావరి అంగుళం కదల్లేదు. కొవ్వూరు పడమటి ఒడ్డునే ఉంది. అయినా మమ్మల్ని తీసుకెళ్ళి తూర్పుగోదావరిలో కలిపేశారు. నా మహాదేశం నన్ను రేవులో వదిలేసి, కొత్త రాజధాని భీమవరం వైపు వెళ్ళిపోయింది.

టీవీలో ఆ మాట వినగానే వంటింటి గుమ్మం దాకా పరిగెత్తాను. "గెలిచావోయ్!" అన్న మాట నోటిదాకా వచ్చింది. స్టవ్ మీద పొద్దుటి పాలగిన్నె, మీగడ కట్టి, మూత లేకుండా ఉంది. ఓడిపోవడం నాకు బాగా అలవాటు. ఓడిపోయి ఎవరికి చెప్పుకోవాలో తెలియక నిలబడటం అదే మొదలు.

టీకొట్టు దగ్గర వదిలిపెడతారా? "గురువుగారూ, ఇల్లరికం వెళ్ళనని అన్నేళ్ళు మీసం మెలేశారు. ఇప్పుడు ఊరు మొత్తాన్ని వెంటేసుకుని వెళ్ళారేంటండీ!" అన్నాడు కొట్టతను. అందరూ నవ్వారు. అవతలి ఒడ్డున కుక్కలు మొరిగేంత గట్టిగా నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆవిడ తూర్పు కాబట్టే నేను పశ్చిమ. ఆవిడ లేకపోయాక ఏ దేశస్థుణ్ణో నాకే తెలియలేదు. భారతదేశంలో నా చోటు ఖాయమే, రాష్ట్రంలోనూ ఖాయమే. కానీ అంత పెద్ద దేశం కూడా మోచేత్తో పొడవదు, పళ్ళెం లాక్కోదు.

ఈమధ్య కళ్ళ డాక్టరు కోసం రాజమండ్రి బస్సెక్కాను. కొత్త లెక్క ప్రకారం వంతెన మొత్తం ఆవిడదే. అందుకని కిటికీ సీటు వదిలేసి ఇవతల కూర్చున్నాను. బస్సు నిండిపోయింది. పూలబుట్టతో ఒకావిడ వచ్చి, "ఇక్కడెవరన్నా వస్తారాండీ?" అనడిగింది.

వస్తారని చెప్పాలనిపించింది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"రాజమండ్రేనండి."

"అయితే కూర్చోండి."

లోపలికి జరిగి, బుట్ట ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చుంది. నడి వంతెన దగ్గర, ఎవరూ పొడవకుండానే, నేను లేచి నిలబడ్డాను.

"ఏంటండీ, దిగిపోతారా? ఇంకా గోదారి మీదే ఉన్నాం" అందావిడ కంగారుగా.

"అలవాటమ్మా" అన్నాను. మళ్ళీ ఆ సీట్లోనే కూర్చున్నాను.