ముసఫ్ఫా నుంచి కల్బా దాకా: మా క్రికెట్ జట్టు కొట్టేసిన మూడు మైదానాలు

కోపంతో మొదలుపెట్టిన ప్రయాణం ఇది. సూర్యాస్తమయాల ఫోటోల కోసం ఈ పేజీ తెరిచినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

షార్జాలోని మా తెలుగు క్రికెట్ క్లబ్బు పోయిన చలికాలం ఒక సంచిక వేయాలనుకుంది. నిగనిగలాడే కాగితం, స్పాన్సర్ల ప్రకటనలు, మధ్యలో 'మన మైదానాలు' అని రెండు పేజీలు. కార్యదర్శిని కాబట్టి ఆ రెండు పేజీలూ నాకు అప్పగించారు. క్లబ్బు పుట్టినప్పటి నుంచి నాలుగు మైదానాలను మా సొంతంలా వాడుకున్నాం. నాలుగింటి గురించీ రాసి పంపాను. అధ్యక్షుడు మొదటి మూడూ కొట్టేసి వాట్సాప్‌లో జవాబు పెట్టాడు: "లేబర్ క్యాంపుల వెనక ఇసక గ్రౌండ్లు ఇప్పుడెందుకండీ? స్పాన్సర్లు చూస్తారు. ఇప్పటి టర్ఫ్ గ్రౌండ్ నుంచి మొదలెట్టండి."

ఆ మాట చదివాక నాకు అన్నం సయించలేదు. ఆ ఇసకలో ఆడిన జట్టే లేకపోతే ఈయన అధ్యక్షుడయ్యేది దేనికి? ఆ మూడు మైదానాల్నీ మళ్లీ కళ్లారా చూసి, ఫోటోలు తీసి, కమిటీ ముందు పెట్టాలనుకున్నాను. వెంటనే సత్తన్నకు ఫోన్ చేశాను. సత్తన్నది కోరుట్ల దగ్గర పల్లె, పని ప్లాస్టరింగ్. మొదటి మూడు మైదానాల్లోనూ సిమెంటు పిచ్ పోసింది ఆయనే. వీసా రద్దయింది, మంగళవారం విమానం.

"రేపు శనివారం తమ్మీ, నేను ఖాళీనే. డ్యూటీ ఖలాస్ గదా," అన్నాడు. "పొయ్యేముందు అన్నీ ఒక్కపారి సూపెట్టు. కొత్త గ్రౌండు నేను సూడనేలే."

పొద్దున్న ఐదున్నరకు షార్జాలో బయల్దేరి, టోల్ గేట్లు లేని ఎమిరేట్స్ రోడ్డు పట్టుకున్నాను. శనివారం ఆ వేళకు లారీలు తప్ప ఏమీ ఉండవు, గంటా నలభై నిమిషాల్లో అబుదాబి శివారులోని ముసఫ్ఫా చేరాను. కంపెనీ ఇటీవల మళ్లీ ఇక్కడికే మార్చిన క్యాంపు బయట సత్తన్న ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు వేసుకుని నిలబడి ఉన్నాడు. గ్యారేజీల వరసలో ఒక కేఫెటేరియాలో రెండు పరోటా, గుడ్డు, చాయ్ కలిపి మనిషికి ఏడు దిర్హాములు. తింటున్నంతసేపూ పాత మ్యాచ్‌ల ముచ్చట్లే.

మొదటి మైదానం ఆ వరసకు వెనక, పది నిమిషాల నడక. ఒకప్పుడు బోసి ఇసక నేల. కంపెనీ బస్సులు శుక్రవారం నమాజుకు మనుషుల్ని దింపి వచ్చేలోపు ఒక ఆట అయిపోయేది. సైట్లలో మిగిలిన సిమెంటును ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చుకుని, సత్తన్నా మరో ఆరుగురూ ఎండాకాలంలో రెండు శుక్రవారాలు పనిచేసి ఇరవై రెండు గజాల పిచ్ పోశారు. ఇప్పుడు దాని చుట్టూ మనిషి ఎత్తుకు మించి రేకుల కంచె, లోపల పాడైన కార్లు. గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"అందర్ మనా హై, భాయ్. ముదీర్ డాంటేగా."

"పాంచ్ మినట్ భాయ్, ఫోటో లేకర్ జాయేంగే," అని బతిమాలాను. అతను కదల్లేదు. అతని తప్పేముంది? మేనేజరు తిడితే పోయేది అతని ఉద్యోగం. అయినా ఒళ్లు మండింది. సత్తన్న మాత్రం రేకుల మధ్య సందులోంచి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. నూనె డ్రమ్ముల కింద బూడిదరంగు పట్టీ ఒకటి కనిపించింది.

"పలగలే సూడు," అన్నాడు. "గన్ని డ్రమ్ములు మీదేసినా పలగలే. రసమట్టం పెట్టి పోసినం మరి."

ఎనిమిదిన్నరకు మళ్లీ అదే రోడ్డు మీద వెనక్కి, షార్జా పారిశ్రామిక వాడ దాటి రెండో మైదానానికి వచ్చేసరికి పదింబావు. కంపెనీ క్యాంపు ఇటు మారినప్పుడు జట్టూ మారింది. నేను చేరింది ఇక్కడే. గుడివాడ నుంచి కొత్తగా వచ్చి, ఉద్యోగం మూడో నెలకే పోయి, పగలంతా ఎక్కడ గడపాలో తెలియక తిరుగుతున్న రోజులు. కంచె పక్కన నిలబడి చూస్తుంటే సత్తన్న పిలిచి, "తెలుగేనా? ఒకడు తక్కువైండు, రా" అన్నాడు. నాకేం వచ్చో అడగలేదు. ఆట అయ్యాక క్యాంపులో అన్నం కూడా పెట్టారు. మళ్లీ ఉద్యోగం దొరికేదాకా, నాలుగు నెలలు, నాతో మాట్లాడినవాళ్లంటే వాళ్లే.

ఆ చోట ఇప్పుడు కార్ పార్కింగ్ ఉంది. గంటకు ఇంత అని బోర్డు. వికెట్లు పాతిన చోట ఒక తెల్ల కారు నిలిపి ఉంది. ఊళ్లు పెరుగుతాయి, ఖాళీ స్థలాలు ఎల్లకాలం ఖాళీగా ఉండవు, అది నాకూ తెలుసు. కానీ ఆడినవాళ్ల పేర్లు కూడా తారు కింద కప్పెయ్యాలని ఎవరు చెప్పారు? ఆ పని చేస్తున్నది మునిసిపాలిటీ కాదు, మేమే. సత్తన్నను ఆ బోర్డు పక్కన నిలబెట్టి ఫోటో తీశాను. ఆయన నవ్వలేదు.

అక్కడి నుంచి కల్బా గంటా ఇరవై నిమిషాలు. మలీహా మీదుగా వాది అల్ హెలో దారి పట్టండి. ఎడారి అయిపోయి కొండలు మొదలవుతాయి, ఒక పొడవాటి సొరంగం వస్తుంది, అది దాటాక తూర్పు సముద్రం వైపు దిగుతారు. నిజంగా అందమైన దారి. ఆ అందమైన దారిలోనే నేను ఒక అబద్ధం ఆడాను.

సొరంగం ముందు సత్తన్న అడిగాడు. "ఒక్క ముచ్చట తమ్మీ. నా పేరు క్లబ్బు లిస్టుల కెల్లి ఎవలు తీసేసిండ్రు?"

"కమిటీ అన్నా," అన్నాను. అద్దంలో లారీని చూస్తున్నట్టు తల తిప్పుకున్నాను.

"కమిటీ అంటే ఎవలు?"

"అందరూ కలిసి తీసుకున్న నిర్ణయం."



కల్బాలో కొండల కింద గులకరాళ్ల నేల మా మూడో మైదానం. కరోనా మొదటి అల తగ్గాక సత్తన్న బృందాన్ని ఇక్కడ ఇళ్ల నిర్మాణానికి పంపారు. నెలల తరబడి క్యాంపు గదుల్లో మగ్గిన మనుషులు, బయటికి రానిచ్చిన మొదటి శుక్రవారం నుంచే రాళ్లు ఏరడం మొదలుపెట్టారు. షార్జా, దుబాయ్‌ల నుంచి మేం ఆఫీసువాళ్లం మినీబస్సు మాట్లాడుకుని వచ్చేవాళ్లం. రెండు సీజన్లు ఇదే మా సొంత మైదానం. ఇంత మంచి క్రికెట్ మేం ముందూ ఆడలేదు, తర్వాతా ఆడలేదు.

పిచ్ ఇంకా ఉంది. ఎవరో కొత్తగా సున్నంతో గీతలు గీశారు. ట్యాంకర్ తోలే పఠాన్ డ్రైవర్లు శుక్రవారాలు ఇక్కడ ఆడుతున్నారని, రోడ్డు పక్క హోటల్లో వంట చేసే పాలకొల్లు సుబ్బారావు చెప్పాడు. సత్తన్నను చూడగానే ఆయన గరిటె పట్టుకునే బయటికొచ్చాడు.

"ఆయ్, సత్తెయ్య గారా! ఇన్నాళ్లకి గుర్తొచ్చామండీ? మీ బేచీ రాడం మానేసాక శుక్కురారం నాకసలు తోచట్లేదండి బాబు. ఏటండీ, గొడవలయ్యాయా?"

"గొడవేం లే సుబ్బారావ్. దినం మారింది," అన్నాడు సత్తన్న.

అంతే జరిగింది. దేశంలో వారాంతపు సెలవులు శని, ఆదివారాలకు మారాయి. ఆఫీసువాళ్లందరికీ శనివారం ఖాళీ. సత్తన్న కంపెనీ సెలవు మాత్రం శుక్రవారమే ఉండిపోయింది. మేం మ్యాచ్‌లు శనివారానికి మార్చుకున్నాం. ఆ తర్వాత, వరసగా మూడు శనివారాలు రాని సభ్యుడి పేరు తీసేయాలని ఒక నియమం వచ్చింది. రెండు నెలల్లో క్యాంపువాళ్లు పద్నాలుగు మందిలో ఒక్కరూ మిగల్లేదు.

చేపల పులుసు, అన్నం, మజ్జిగ. మనిషికి పదిహేను దిర్హాములని బోర్డు మీద ఉంది కానీ సుబ్బారావు తీసుకోలేదు. "ఊరెళ్లిపోతన్న మనిషి దగ్గర తీసుకుంటానా అండీ?" అన్నాడు. రెండింటికి బయల్దేరాం.

నాలుగో మైదానం షార్జా శివార్లలో. మూడున్నరకు చేరాం. పచ్చటి గడ్డి, గ్యాలరీ, ఫ్లడ్‌లైట్లు. ఆ రోజు స్పాన్సర్ల మ్యాచ్. గేటు దగ్గర మలయాళీ సెక్యూరిటీ ట్యాబ్‌లో పేర్లు చూస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. సత్తన్న పేరు వెతికి, "సారీ సార్, లిస్ట్ మే నహీ హై," అన్నాడు.

లోపలికి ఫోన్ చేశాను. అధ్యక్షుడు స్వయంగా వచ్చాడు. ఇస్త్రీ నలగని జెర్సీ. సత్తన్నకు నమస్కారం పెట్టాడు, అది చెప్పాలి. తర్వాత నన్ను పక్కకు పిలిచి, పక్కకు పిలిచినా అందరికీ వినపడేలాగే అన్నాడు: "గెస్ట్ పాసులు అయిపోయాయండీ. స్పాన్సర్ల ఫ్యామిలీలు వస్తున్నాయి. ఈయన్ని కంచె బయట నుంచి చూడమనండి, బాగానే కనిపిస్తుంది."

"కంచె బయట నుంచా?" నేను అరిచాను. "ఈ క్లబ్బుకు మొదటి పిచ్ పోసిన మనిషండీ ఈయన! మీరు బ్యాటు పట్టుకునే నాటికి మూడు మైదానాలు తయారుచేశాడు! మీకు సిగ్గుగా లేదా?"

వార్మప్ చేస్తున్నవాళ్లు ఆగి చూశారు. అధ్యక్షుడూ గొంతు పెంచాడు. "నామీద అరుస్తారేంటి? మూడు శనివారాల రూలు రాసింది మీరే కదా! ఎవరెవరి పేర్లు తీసెయ్యాలో లిస్టు పంపింది కూడా మీరే. కావాలంటే మెయిల్ చూపిస్తాను."

అది నిజం. నేనే రాశాను. తెలియక రాయలేదు. సత్తన్న సెలవు శుక్రవారమని నాకు తెలుసు. ఆ పద్నాలుగు మందికీ శుక్రవారమేనని తెలుసు. కమిటీలో ఒకరు, "క్యాంపువాళ్లను రావద్దని చెప్పలేం, బాగుండదు, ఏదో ఒక రూలు పెడితే సరి" అన్నారు. నాకు భాష వచ్చు కాబట్టి మర్యాదగా వినిపించే వాక్యం రాసిపెట్టాను. కార్యదర్శి పదవి కొత్త. ఆ గదిలో నలుగురూ మెచ్చుకున్నారు.

సత్తన్న నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు రాసినవా?"

"ఔనన్నా."

"కార్ల అడిగితే కమిటీ అంటివి."



"నన్ను తీసేసిండ్రని తెల్సు," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎవలు తీసేసిండ్రో తెల్వకుండె. తెల్వకుంటనే మంచిగుండె. కంచె పక్కపొంటి నిలవడ్డోన్ని లోపలికి పిలిచిన నేను. నువ్వు నన్ను బయట నిలవెట్టినవ్."

ముసఫ్ఫా దాకా దింపుతానంటే ఒప్పుకోలేదు. జుబైల్ బస్ స్టేషన్ దాకా మాత్రం కారెక్కాడు, వెనక సీట్లో కూర్చున్నాడు. అబుదాబి బస్సు టికెట్టు ముప్ఫై చిల్లర దిర్హాములు, కొనబోతే నా చెయ్యి తోసేశాడు. బస్సు ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి తిరిగాడు.

"ఆ పేజీల రాస్తనంటివి గదా. ఇది గూడ రాయి."

ఆ ఆదివారం కమిటీ సమావేశంలో ఫోటోలు చూపించి, ఆ నియమం ఎత్తేయాలని అడిగాను. నాతో కలిపి రెండు చేతులు లేచాయి. రాజీనామా ఇచ్చి వచ్చేశాను. సంచిక తర్వాత అచ్చయింది, రెండు పేజీల్లోనూ ఫ్లడ్‌లైట్లే. మంగళవారం విమానాశ్రయానికి వెళ్లాను. సత్తన్న కనిపించాడు, తలుపు దాకా పెట్టె తొయ్యనిచ్చాడు, కానీ తమ్మీ అని పిలవలేదు. ఆ తర్వాత మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బయల్దేరినప్పుడు నా కోపమంతా అధ్యక్షుడి మీద, కంచెల మీద, పార్కింగ్ బోర్డుల మీద. ఇప్పటికీ అది చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు. కానీ రేకుల కంచె వేసినవాడికి లోపల ఏముందో తెలియదు. కారు నిలిపినవాడికి తెలియదు. అన్నీ తెలిసి ఆ నియమం రాసినవాణ్ని నేను ఒక్కణ్నే. ఐదువందల అరవై కిలోమీటర్లు, నూట ఇరవై దిర్హాముల పెట్రోలు ఖర్చుపెట్టి తిరిగితే తేలింది ఇది. సత్తన్న నన్ను క్షమిస్తాడో లేదో తెలియదు. క్షమించమని అడగడానికి ఫోను ఎత్తించుకునే హక్కు నాకుందని కూడా అనుకోవడం లేదు.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. కల్బా మైదానానికి శుక్రవారం పొద్దున్న ఏడున్నరకల్లా చేరండి, పది దాటితే ఎండకు నిలబడలేరు, దగ్గర్లో నీడ లేదు, మంచినీళ్లు మీరే తెచ్చుకోవాలి. శనివారం వెళితే అక్కడ ఎవరూ ఉండరు.