మంథని గోదారికి పోటు తెప్పించిన పెద్దల్లుడు

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. జానెడు చేప నా నోటికి వచ్చేసరికి మూరెడవుతుంది, మూరెడుది ఆటోలో పట్టదు. కరీంనగర్‌లో ఫ్యాన్లు అమ్ముకునేవాణ్ని, ఉన్న గాలిని పెద్దది చేసి చెప్పడమే నా బతుకు. చదివేవాళ్లు తమకు తోచినంత తీసేసి చదువుకోవచ్చు. నా తోడల్లుడి మీద నాకున్న కుళ్లును మాత్రం రవ్వంత కూడా తగ్గించొద్దు. అది అసలు తూకం.

మంథనిలో మా అత్తగారింట్లో చేపల కూర వండితే తల పెద్దల్లుడి పళ్లెంలో పడాలి. ఆ పెద్దల్లుణ్ని నేను. నా పెళ్లయినప్పటి నుంచి గోదావరిలో ఈదిన ప్రతి చేపా తన తలను నా పేరున రాసిచ్చే చచ్చిపోయింది. నేను దాన్ని జుర్రుతుంటే మామ మురిసిపోయేవాడు, అత్త ఇంకాస్త పులుసు పోసేది, నా భార్య తన చెల్లెలి వైపు గర్వంగా చూసేది. అలాంటి రోజుల్లో ఆ చెల్లెలు కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టినవాణ్ని పెళ్లి చేసుకుంది.

అతని తండ్రి పడవ మీద బతికినవాడు. అతను గడపలో చెప్పులు విప్పాడో లేదో, ఇంట్లోకి సముద్రం వచ్చేసింది. పున్నమికీ అమావాస్యకీ పోటు బలంగా వచ్చి ఉప్పుటేరుల్లోకి నీళ్లు ఎగదన్నుతాయట, వాటితోపాటే చేపలు లోపలికి వస్తాయట, నీళ్లు వెనక్కి తీసేటప్పుడు ఏరు సముద్రంలో కలిసే చోట వల కట్టేస్తే చాలట. అష్టమి రోజుల్లో పోటు నీరసంగా ఉంటుందట. వెన్నెల ఎక్కువైతే చేపకు వల కనబడుతుందట, అందుకని లోపలి సముద్రంలో చీకటి రాత్రులే మేలట. వాళ్ల నాన్న నీళ్లలో చెయ్యి పెట్టి, పైన వేడెక్కితే చేప కిందికి దిగిందని చెప్పేవాడట. మామ నోరు తెరుచుకుని విన్నాడు. ఆ నోట్లోకి ఒక పడవ పోయి, వేట ముగించుకుని తిరిగి రావచ్చు.

"అష్టమికి ఏమైతదన్నవ్, మళ్లోసారి చెప్పు మరిదీ" అంది నా భార్య. ఇన్నేళ్ల కాపురంలో నా ఫ్యాన్ల గురించి ఆమె ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

ఆ మధ్యాహ్నం అత్త గరిటెలో చేప తల పెట్టుకుని మా ఇద్దరి పళ్లేల మధ్య ఒక్క క్షణం ఆగింది. చివరికి నాకే వేసింది. కానీ ఆగింది.

అంతే, నాకు నిద్ర కరువైంది. అతను చెప్పిందంతా లోపల్లోపల వల్లె వేసుకున్నాను. వానలు వెనక్కి పోయి ఎండలు మళ్లీ ముదిరిన ఒక పున్నమికి అందరం మంథనిలో కలిశాం. ఈ సాయంత్రం గోదారికి పోటు వస్తుంది, చేపలు ఒడ్డుకొచ్చి వరుసకడతాయి, ఈ పూట కూర నాది అని చాటాను. తోడల్లుడు ఏదో చెప్పబోయి, నా మొహం చూసి గాలాలు వెతకడానికి లేచాడు.

గాలాలు పట్టుకుని రేవు మెట్ల మీద కూర్చున్నాం. చెబితే నమ్మరు, నీళ్లు నిజంగానే పెరిగాయి. అడుగు మెట్టు మునిగింది, దాని మీది మెట్టూ మునిగింది. అటువైపు చంద్రుడు లేస్తున్నాడు. ఆయన నాకు స్వయానా బావమరిది అయినట్టు, నీళ్లను ఎలా లాగుతున్నాడో చెయ్యి తిప్పుతూ మామకు వివరించాను.

మామ బీడీ ఆర్పాడు. "చంద్రుడు కాదు బిడ్డా. పైన ప్రాజెక్టు గేట్లు లేపిండ్రు. పొద్దుగాల ఆటోల మైకు పెట్టి చెప్పిపోయిండ్రు. నువ్వు పండుకున్నవ్."

అందరూ నవ్వారు. తోడల్లుడు నవ్వలేదు. "అన్నయ్య లెక్క తప్పు కాదండీ మావయ్యగారూ. సముద్రమైతే సరిగ్గా ఇలాగే జరిగేది. ఇక్కడ సముద్రం లేకపోవడం ఆయన తప్పా?" అన్నాడు.

నాకంటే బాగా మాట్లాడటం సరే. నాకంటే మంచివాడు కూడా కావాలా?

తర్వాత అతను నీళ్లలో చెయ్యి పెట్టి చూశాడు. పైన కాక ఉందని గొణిగి, గాలం తాడు పొడవు పెంచి లోతుకు వదిలాడు. కాసేపటికి ఒక రవ్వ చేప పడింది. నా అలవాటు ప్రకారం దాని పొడవు చెప్పాలి. అతను పట్టింది కాబట్టి బెత్తెడు. బెత్తెడు చేప ఇంటిల్లిపాదికీ ఎలా సరిపోయిందని అడగొద్దు.

భోజనాల దగ్గర ఈసారి అత్త ఆగలేదు. తల తిన్నగా అతని పళ్లెంలో పడింది. నాకు తోక వచ్చింది. ముల్లు గుచ్చుకుందని చెప్పి లేచిపోయాను.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. చంద్రుడి మీద ఇచ్చిన ఉపన్యాసం నిజం, గేట్లు నిజం, చేప నిజం. ఆ చివరి ముక్కే అబద్ధం. అత్త తలను ఎప్పటిలా నాకే వేసింది. అయితే ఆ సమయానికి అతను, సముద్రంలో అడుగునున్న చల్లనీళ్లు పైకి లేస్తే వాటి వెంట చేపల గుంపులు ఎలా వస్తాయో చెబుతున్నాడు. మామ, అత్త, నా భార్య అటే తిరిగి కూర్చున్నారు. నేను ఎంత చప్పుడు చేసి జుర్రినా ఒక్కరూ ఇటు చూడలేదు. తల పోయిందని రాస్తే కనీసం మీకైనా నా మీద జాలి కలుగుతుందని అలా రాశాను.