సున్నా దాకా దిగిన ముల్లు

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. చూసింది చూసినట్టే చెబుతున్నాను.

దుబాయ్ దాటాక రాస్ అల్ ఖైమా వైపు చిన్న విమానాలు దిగే ఓ రన్‌వేలో హెల్పర్‌గా చేసేవాణ్ణి. కరోనా తగ్గాక వచ్చిన ఎండాకాలం. మా రఘు సార్ నడిపే రెండు సీట్ల విమానం కొండల మీద కూలింది. అంత ఎత్తులో, ఆ వేడికి గాలి పలచబడి రెక్కలకు పట్టు దొరకలేదట. సార్‌ది వైజాగ్. "ఏరా సత్తిబాబూ, టీ తాగేవా?" అని అడగనిదే విమానం ఎక్కేవారు కాదు. అలాంటి మనిషి ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడున్నారు. ఈ రాత్రి గడిస్తే గాని చెప్పలేమన్నారు డాక్టర్లు.

విరిగిన ముందు భాగాన్ని లారీలో తెచ్చి మా షెడ్డులో పెట్టారు. ఎంక్వయిరీ వాళ్ళు వచ్చేదాకా కాపలా నాది. రాత్రి చేసే ఇషా నమాజు అజాన్ అయిపోయింది. ఆకు కదిలేంత గాలి కూడా లేదు...

టక్.

కాసేపాగి మళ్ళీ... టక్.

టార్చి వేశాను. ఆ చప్పుడు విమానం ఎత్తు చూపించే మీటరుది. పొద్దున దాని ముల్లు కొండ ఎత్తు దగ్గరే నిలబడిపోయి ఉంది. ఇప్పుడు... దిగుతోంది. చాలా మెల్లగా.

మా ఇంజనీరు యాదగిరన్నకు ఫోన్ చేశాను.

"పైపుల గాలి చిక్కుకున్నదిరా. లీకయితుంటే ముల్లు దిగుతది, గంతే. ముట్టకు. ఖలాస్, పండుకో."

సరే అనుకున్నాను. కానీ వెయ్యి అడుగుల దగ్గర ముల్లు ఆగిపోయింది. దిగే ముందు విమానాలు చుట్లు తిరిగే ఎత్తు అది. చీకటి పడ్డాక వచ్చినవి అక్కడే తిరుగుతుంటాయి... కింద లైట్లు వెలిగేదాకా. ఆ లైట్లు వేసేది నేనే.

బయటికి చూశాను. రన్‌వే అంతా చీకటి.

భయం వేయలేదండీ. ఏడుపొచ్చింది. వెళ్ళి స్విచ్చు వేశాను. రెండు వరసలూ వెలిగాయి. పైన ఏమీ లేదు. చప్పుడూ లేదు. తిరిగొచ్చి చూస్తే... ముల్లు మళ్ళీ కదిలింది. దిగి దిగి, సున్నా దగ్గర ఆగింది.

తెల్లారేదాకా లైట్లు ఆర్పలేదు. పొద్దున్నే మేనేజరు, అదే మా ముదీర్, చెడామడా తిట్టాడు. ఆ తిట్ల మధ్యలోనే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. సార్ కళ్ళు తెరిచారట.

వారం పోయాక చూడ్డానికి వెళ్ళాను. సార్ నన్ను సైగ చేసి దగ్గరికి పిలిచారు. తర్వాత నీరసంగా అన్నారు.

"ఏరా సత్తిబాబూ... లైట్లెయ్యడానికి అంతసేపేంట్రా?"

లైట్ల సంగతి ముదీర్ చెప్పాడేమో. నన్ను నవ్వించడానికి అన్నారేమో. అడగడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలలేదు.