తళతళలాడిన గిన్నెలో చేపల పులుసు

కొత్తగా కాపురానికొచ్చిన కోడలు అత్తగారిని దవాఖానా పాలు చేయడానికి ఎన్నాళ్లు పడుతుంది? నాకు ఒక్క పూట పట్టింది. అదీ ప్రేమతోనే సుమండీ!

కారేపల్లిలో అడుగుపెట్టిన ఆ రోజుల్లో నాకు ఫోనే గురువు. సత్తు గిన్నెల్లోంచి తిండిలోకి సీసం దిగుతుందట, నరాలు పోతాయట, కిడ్నీలు పోతాయట అని వీడియోలు చూసి, ఇంటిల్లిపాదినీ కాపాడే భారం నెత్తినెత్తుకున్నా. సత్తు గిన్నెలన్నీ బయటికి గెంటి, అటక మీంచి అత్తమ్మ ఇత్తడి గిన్నె దించా. లోపలంతా తెల్లగా, మసగ్గా ఉంది. ఎన్నేళ్ల మురికో అనుకుని, చింతపండూ ఇసుకా వేసి చేతులు బొబ్బలెక్కేదాకా తోమా. చివరికి లోపల కూడా బంగారంలా మెరిసింది.

ఆ రోజే బోనకల్ నుంచి అత్తమ్మ తమ్ముడు, ఆయన భార్య నా చేతివంట రుచి చూడటానికి దిగారు. గోదావరి చేప తెప్పించి, ఆ గిన్నెలోనే పులుసు పెట్టి, బాగా ఊరాలని మధ్యాహ్నం దాకా అందులోనే ఉంచా.

అందరికంటే ముందు అత్తమ్మ ఒక ముద్ద తింది. గిన్నెలోకి తొంగి చూసింది. చటుక్కున దాన్ని తన పక్కకు లాక్కుంది.

"పులుసు ఎవ్వరికీ పెట్ట. అంతా నాకే."

"ఏందక్కా గిది! తమ్ముడికి ఒక్క ముక్క గూడ పెట్టవా?"

"పెట్ట. నువ్వు పప్పు తిను."

నేను పూరీలా పొంగిపోయా. "అంత నచ్చిందా అత్తమ్మా!" అంటూ ఆమె కంచంలో ఇంకో రెండు గరిటెలు పోసి, ఎదురుగా తిష్ఠ వేశా. నా మొహం చూస్తూ తింది, పాపం.

చెయ్యి కడుక్కున్న కాసేపటికే కడుపునొప్పి, వాంతులు. దవాఖానాకు పరిగెత్తాం. ఏం తిన్నదని డాక్టర్ అడిగితే నా తోముడు ప్రతాపమంతా చెప్పుకున్నా. ఆయన తల పట్టుకున్నాడు.

"అది మురికి కాదమ్మా, కళాయి! తగరం పూత. అది లేని ఇత్తడిలో పులుపు ఉంచితే రాగి కూరలోకి దిగుతది. ఇయ్యాల వాంతులతో పోయింది. రోజూ తింటే కాలేయం ఖరాబైతది. బయట దొరికే విషం సాల్లేదా, ఇంట్లనే తయారుచేసినవు?"

సిగ్గుతో చచ్చి అత్తమ్మ మంచం పక్కన కూలబడ్డా.

"మొదటి ముద్దకే చిలుము రుచి తెలిసే ఉంటుంది కదా, ఎందుకు తిన్నరత్తమ్మా?"

"తెల్వకేంది బిడ్డా? వాళ్ల ముంగట నీ వంట పారబోస్తే బోనకల్ అంతా చెప్పుకుంటరు. గిన్నె జరుపుకుంటే అయిపాయె అనుకున్న. నువ్వు గరిటె పట్టుకొని ముంగట కూసుంటవని నాకేం ఎరుక?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కక్కుర్తిపడి తిని అజీర్తి చేసుకుందని ఆమె తమ్ముడు ఇప్పటికీ ఊరంతా చెబుతాడు. అత్తమ్మ ఒక్కసారి కూడా కాదనలేదు.

కనుక గ్యాస్ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నా: ఇకమీదట నా వంటను అత్తమ్మ ఎంత మెచ్చుకుంటే, అంత జల్దీగా పారబోస్తా.